వాయ్సీ, హెన్రీ వెస్లీ (1791–1824)

హెన్రీ వెస్లీ వాయ్సీ బ్రిటిష్ సైన్య వైద్యుడు, భూవిజ్ఞాని. 1818లో మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూవిజ్ఞానిగా చేరాడు. హైదరాబాదును స్థావరం చేసుకుని తెలంగాణ, రాయలసీమ, బేరారు, నాగపూరు ప్రాంతాల రాళ్లను ఆరేళ్లపాటు పరిశీలించాడు. హైదరాబాదు ప్రాంతానికి అతను గీసిన శిలాపటాన్ని భారతదేశంలో తొలి భూవిజ్ఞాన పటంగా లెక్కిస్తారు. కొందరు రచయితలు అతన్ని భారత భూవిజ్ఞాన పితామహుడని కూడా అన్నారు. 1824 ఏప్రిల్ 19న కలకత్తాకు ప్రయాణంలో ఉండగా చనిపోయాడు. అప్పటికి వయసు ముప్పై మూడేళ్లు నిండీ నిండలేదు.

వాయ్సీ యుద్ధరంగంలో గుండు తగిలి చనిపోలేదు. అయినా అతని కొలువు సైన్యం ఇచ్చింది. అతను నడిచిన దారులు అంతకు కొన్నేళ్ల ముందు ఫిరంగులు నడిచినవి. అతని ఆరోగ్యాన్ని తినేసిన అడవి జ్వరమే ఆనాటి సైనికులను శత్రువుల కంటే ఎక్కువగా చంపింది. భారతదేశంలో భూవిజ్ఞానం విశ్వవిద్యాలయంలో కాక సైనిక శిబిరంలో పుట్టిందనడానికి అతని జీవితం స్పష్టమైన ఉదాహరణ.

నేపథ్యం: యుద్ధాలు, సర్వే

హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో, మూసారాంబాగు దగ్గరి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం సైన్యంలో ఫ్రెంచి పద్ధతిలో తర్ఫీదు పొందిన పటాలాలను తయారుచేసిన రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో ఆ ఫ్రెంచి దళాన్ని ఆయుధాలు దించి రద్దు చేశారు. హైదరాబాదు రాజ్యపు తలుపులు కంపెనీ సైన్యానికి అప్పుడే తెరుచుకున్నాయి. ఆ సైన్యం వెనకే సర్వేవాళ్లు వచ్చారు.

మరుసటి ఏడాది, 1799లో, శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాన్ మరణించాడు. ఆ యుద్ధంలో పనిచేసిన విలియం లాంబ్టన్ అనే అధికారి కొత్తగా చేతికొచ్చిన దేశాన్ని కచ్చితంగా కొలవాలని ప్రతిపాదించాడు. 1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గర పరంగిమల పక్కన ఆధార రేఖ కొలత మొదలైంది. ఒక రేఖను గొలుసులతో పట్టిపట్టి కొలిచి, ఆ పైన కొండ నుంచి కొండకు కోణాలు తీస్తూ త్రిభుజాల వల అల్లుకుంటూ పోవడం ఈ పద్ధతి. కోణాలు తీసే పెద్ద థియోడొలైటు బరువే దాదాపు అర టన్ను. దాన్ని మనుషులు మోసుకుంటూ గుడి గోపురాలకూ, కోట బురుజులకూ, కొండ కొమ్ములకూ ఎక్కించేవారు. 1815లో బీదరు దగ్గర దామరగిద్దలో ఇంకో ఆధార రేఖ కొలిచేసరికి లాంబ్టన్ స్థావరం హైదరాబాదు అయింది.

1817–18లో మూడవ మరాఠా యుద్ధం నడుస్తుండగా, 1818 జనవరి 1న, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ సర్వేను మద్రాసు ప్రభుత్వం నుంచి తప్పించి నేరుగా కలకత్తా కిందికి తెచ్చాడు. ‘మహా త్రికోణమితి సర్వే’ అనే పేరు అప్పుడే స్థిరపడింది. లాంబ్టన్‌కు సహాయకులుగా ఇద్దరు యువకులను నియమించారు. ప్రధాన సహాయకుడు 1790లో పుట్టిన జార్జ్ ఎవరెస్టు. వైద్యుడు, భూవిజ్ఞాని వాయ్సీ.

ఒకే మనిషికి ఈ రెండు పనులూ అప్పగించడం ఆ కాలానికి వింత కాదు. రసాయనాలు, ఖనిజాలు, మొక్కలు వైద్య విద్యలో భాగంగా ఉండేవి. కంపెనీ కొలువులోని వృక్షశాస్త్రజ్ఞులు చాలామంది డాక్టర్లే. పైగా భూగోళాన్ని కొలిచేవారికి రాళ్ల సంగతి తెలియడం అవసరం. పక్కన పెద్ద పర్వతం ఉన్నా, అడుగున బరువైన శిల ఉన్నా, గుండు కట్టి వేలాడదీసిన దారం నిట్టనిలువుగా నిలవకుండా కొద్దిగా ఆ వైపు మొగ్గుతుంది. ఆ మొగ్గు లెక్కకు రాకపోతే అక్షాంశాల లెక్కలు తప్పుతాయి. తర్వాత సర్వే అధిపతిగా ఉన్న కాలమంతా ఎవరెస్టు ఈ చిక్కుతో తలపడ్డాడు.

ఎల్లాపురం జ్వరం

1819లో ఎవరెస్టు, వాయ్సీ కలిసి కృష్ణా గోదావరుల నడుమ త్రిభుజాలు వేయడానికి హైదరాబాదు నుంచి తూర్పుగా బయలుదేరారు. ఆ దేశమంతా దట్టమైన టేకు అడవి. పని వానాకాలంలో జరగాలి. వేసవిలో దుమ్ము, వేడి వల్ల ఇరవై ముప్పై మైళ్ల దూరంలోని జెండా కనిపించదు. వాన కురిసి వెలిసిన తర్వాత గాలి కడిగినట్టు తేటపడుతుంది. ఆ తేటదనం కోసమే సర్వేవాళ్లు వానలను ఎంచుకున్నారు. దోమలు విజృంభించేదీ అప్పుడే.

దారిలో మొదటి చిక్కు మనుషులతోనే వచ్చింది. రక్షణ కోసం నిజాం ప్రభుత్వం ఇచ్చిన సిపాయిలు తిరగబడ్డారు. ఎవరెస్టు వాళ్లను కొరడా దెబ్బలతో అణిచాడు. తర్వాతి చిక్కును అణచడానికి ఏ కొరడా పనికిరాలేదు. ఎల్లాపురం అడవుల్లో ఎవరెస్టుకు, వాయ్సీకి, ఖలాసీలకు, కూలీలకు ఒకరి తర్వాత ఒకరికి జ్వరం తగిలింది. సుమారు 150 మంది మంచం పట్టారు. నడవగలిగినవాళ్లు లేని శిబిరాన్ని తరలించడానికి హైదరాబాదు నుంచి ఏనుగులను, డోలీలను, పల్లకీలను పంపాల్సి వచ్చింది. నగరం చేరేలోపే పదిహేను మంది దాకా చనిపోయారు. వారి పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. బతికి వచ్చినవారు సమాధి నుంచి లేచి వచ్చినట్టు ఉన్నారని ఎవరెస్టు తరువాత రాసుకున్నాడు.

రోగుల్లో ఒకడైన వాయ్సీయే ఆ గుంపుకు డాక్టరు కూడా. అప్పటికి వైద్యుల చేతిలో ఉన్న మందు సింకోనా బెరడు పొడి. దాని సారమైన క్వినైనును పారిస్‌లో పెల్తియే, కవాంతూ వేరుచేసింది మరుసటి ఏడాది, 1820లో. జ్వరం అడవి చెడుగాలి వల్ల వస్తుందని అందరి నమ్మకం. అసలు కారణం బయటపడడానికి మరో 77 ఏళ్లు పట్టింది. ఆ పని చేసినవాడూ సైన్య వైద్యుడే, చేసిన చోటూ హైదరాబాదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు.

ఎవరెస్టు 1820లో ఆరోగ్యం బాగుచేసుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ వెళ్లి 1822లో తిరిగి వచ్చాడు. వాయ్సీ మాత్రం దేశంలోనే ఉండి పని కొనసాగించాడు. అతని పేరున్న రచనల్లో ఎక్కువ భాగానికి కావలసిన పరిశీలనలు ఈ కాలంలోనివే.

హైదరాబాదు శిలలు

వాయ్సీ నివేదికల్లో పెద్ద భాగం నిజాం రాజ్యపు శిలల గురించే. హైదరాబాదు చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా తగిలేది గ్రానైటు. కొన్నిచోట్ల గులాబి రంగు, కొన్నిచోట్ల బూడిద రంగు. నేటి లెక్క ప్రకారం ఈ శిలల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో కరిగిన పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడితే ఇవి ఏర్పడ్డాయి. పైనున్న పొరలు కోట్ల ఏళ్లకు కొట్టుకుపోయాక శిల మీది ఒత్తిడి తగ్గి పగుళ్లు పడింది. పగుళ్ల వెంట నీరు దిగి మూలలను అరగదీసింది. నగరం నిండా కనిపించే ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్రాళ్లు అలా మిగిలినవే. గ్రానైటును చీల్చుకుంటూ అక్కడక్కడ నల్లని డాలరైటు గోడలు పోతాయి. పొలాల మధ్య నల్లరాళ్లు బారుగా పేర్చిన గట్టులాగా కనిపించేవి అవే.

పడమరగా, బీదరు వైపు పోతే దృశ్యం మారిపోతుంది. గ్రానైటు కనుమరుగై దాని మీద నల్లని బసాల్టు పొరలు పరుచుకుంటాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు పొరలుగా పారి ఏర్పడిన దక్కను బసాల్టు అంచు ఇది. ఎర్రనేల, నల్లరేగడి వేరుపడేది కూడా దాదాపు ఈ గీత వెంటే. ఏ శిల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏది కింద ఏది పైన ఉందో పటం మీదికి ఎక్కించడమే వాయ్సీ పని. ఇంగ్లండుకు విలియం స్మిత్ గీసిన ప్రసిద్ధ శిలాపటం వెలువడింది 1815లోనే. శిలలను పటంగా చూపవచ్చనే ఆలోచన యూరప్‌లోనే కొత్తగా ఉన్న రోజుల్లో అది హైదరాబాదుకు చేరింది.

బసాల్టు పుట్టుక గురించి అప్పుడు యూరప్‌లో వాదన నడుస్తోంది. అది సముద్ర జలాల్లో పేరుకున్నదని ఒక వర్గం, నిప్పులోంచి పుట్టిందని మరో వర్గం. అలాంటి సమయంలో, 1823 ఏప్రిల్‌లో, బేరారులోని గావిల్‌గఢ్ కొండల్లో బసాల్టు పొరల మధ్య వాయ్సీకి రాయిగా మారిన గవ్వలు దొరికాయి. లావాకు లావాకు మధ్య విరామంలో నీటి గుంటలు ఏర్పడేవి, వాటిలో నత్తలు బతికేవి. తర్వాతి లావా వాటిని కప్పేసింది. ఈ వివరణకు రూపం రావడానికి దశాబ్దాలు పట్టింది. 1830లలో మాల్కంసన్ అనే మరో సైన్య వైద్యుడు నిర్మల్ ప్రాంతపు శిలాజాల మీద రాసినప్పుడు వాయ్సీ పరిశీలనలు అతనికి ఆధారమయ్యాయి.

వాయ్సీ సుత్తి పట్టుకుని తిరిగిన చోట్లలో కొన్ని పాత యుద్ధరంగాలే. గావిల్‌గఢ్ కోటను ఆర్థర్ వెల్లస్లీ సేనలు 1803 డిసెంబరులో పట్టుకున్నాయి. నాగపూరులో వాయ్సీ శిలలను వివరించిన సీతాబల్డీ గుట్టల మీద 1817 నవంబరు 26, 27 తేదీల్లో కంపెనీ సేనలకూ భోంస్లే సేనలకూ మధ్య పోరు జరిగింది. గుట్టను సేనాని ఎత్తు కోసం ఎంచుకుంటాడు, సర్వేయరు చూపు కోసం ఎంచుకుంటాడు, భూవిజ్ఞాని అక్కడ మట్టి కప్పని రాయి దొరుకుతుందని ఎంచుకుంటాడు. ముగ్గురికీ ఒకే గుట్ట కావాలి.

వజ్రాల గనులు

వాయ్సీ రచనల్లో ఎక్కువ ప్రచారం పొందింది దక్షిణ భారత వజ్రాల గనుల వ్యాసం. అతను చనిపోయిన మరుసటి ఏడాది, 1825లో, కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రిక పదిహేనో సంపుటంలో అది అచ్చయింది. గోల్కొండ వజ్రాలని ప్రపంచం పిలిచిన వజ్రాలు గోల్కొండలో పుట్టలేదు. అక్కడ అమ్ముడయ్యేవి, అంతే. అవి దొరికిన చోట్లు కృష్ణాతీరంలోని కొల్లూరు, పరిటాల, కడప దగ్గరి పెన్నా తీరం, కర్నూలు సీమలోని బనగానపల్లె. తూర్పు గనులకు వెళ్లే దారి హైదరాబాదు నుంచి సరూర్‌నగర్, హయత్‌నగర్ మీదుగా సాగే మచిలీపట్నం బాట. ఈనాటి విజయవాడ జాతీయ రహదారి చాలావరకు అదే దారి. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులు, వాళ్ల వెనక యూరప్ యాత్రికులు ఈ బాట మీదే నడిచారు.

బనగానపల్లెలో పని తీరును వాయ్సీ దగ్గరుండి చూశాడు. గట్టి ఇసుకరాయి పొరను పగలగొట్టి గుంత దింపుతారు. కింద గులకరాళ్లు, పలుగురాళ్లు, రంగురంగుల రాతి ముక్కలు అతుక్కుపోయిన ఒక పలుచని పొర తగులుతుంది. ఆ పొర వెంట పక్కలకు తవ్వుతూ, వంగి దూరి, రాయిని బయటికి తెస్తారు. దాన్ని సుత్తులతో చితక్కొట్టి, కడిగి, చదును చేసిన నేల మీద పరిచి చేత్తో ఏరుతారు. ఒకసారి ఏరి పారేసిన కుప్పలను కొన్నేళ్ల తర్వాత మళ్లీ జల్లిస్తే మళ్లీ వజ్రాలు దొరికేవి. అందుకే వజ్రం నేలలో పెరుగుతుందని గనివాళ్ల నమ్మకం. వాయ్సీ ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయకుండా నమోదు చేశాడు. చిన్న రాళ్లు మొదటిసారి కళ్లకు చిక్కక మిగిలిపోతాయన్నదే అసలు సంగతి కావచ్చు.

నల్లమల శ్రేణిలోని ఆ గులకరాతి పొరే వజ్రానికి మాతృశిల అని వాయ్సీ తేల్చాడు. అది సగమే నిజం. ఆ పొరలోకి వజ్రాలు మరెక్కడి నుంచో కొట్టుకొచ్చి చేరాయి. వజ్రాలను భూగర్భం నుంచి పైకి మోసుకొచ్చే అసలు శిల కింబర్లైటు. దానికి పేరు పెట్టిన కింబర్లీ గనులు దక్షిణాఫ్రికాలో బయటపడింది 1870ల్లో, అంటే వాయ్సీ చనిపోయిన అర్ధశతాబ్దం తర్వాత. అనంతపురం జిల్లా వజ్రకరూరులో కింబర్లైటు, నల్లమలలోని చెలిమ దగ్గర దాని దాయాది లాంప్రొయిటు ఉన్నట్టు తర్వాతి పరిశోధనలు చూపాయి. నదుల ఒండ్రులోని వజ్రాలు గట్టి శిలాపొర నుంచి విడివడి వచ్చినవేనని, కాబట్టి వెతకవలసింది నదిని కాదు, కొండనని చెప్పడమే వాయ్సీ చేసిన మేలు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం ఈనాటికీ వంగి నేల మీద వజ్రాలు వెతుకుతున్నారు. వాన మట్టిని కడిగి రాయిని పైకి తేల్చుతుందన్న అనుభవమే అక్కడ పెట్టుబడి.

కోనసముద్రం ఉక్కు

వాయ్సీ చూపు రాళ్లతో ఆగలేదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం గ్రామంలో ఉక్కు తయారీని అతను వర్ణించిన చిన్న వ్యాసం 1832లో, అంటే మరణించిన ఎనిమిదేళ్లకు, బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ కొత్త పత్రికలో వెలువడింది. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ ఆయుధాలకు ముడిసరుకైన ఉక్కు ఎలా తయారయ్యేదో కళ్లారా చూసి రాసిన అరుదైన వృత్తాంతాల్లో ఇది ఒకటి.

రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును పాళ్ల ప్రకారం కలిపేవారు. వేడిని తట్టుకునే మట్టిలో ఊక కలిపి మూసలు చేసేవారు. ఇనుము ముక్కలను మూసలో పెట్టి మూత మట్టితో మూసేసి, బొగ్గుల కొలిమిలో పేర్చి, తోలు తిత్తులతో పగలూ రాత్రీ ఊదేవారు. ఇనుము కరిగి బొగ్గు అంశాన్ని తనలో కలుపుకుని ఉక్కు ముద్ద అయ్యేది. మూస చల్లారాక పగలగొట్టి ముద్దను బయటికి తీసి, మట్టి పూసి, మళ్లీ సన్నని సెగకు కాచి పదును పట్టేదాకా మెత్తబరిచేవారు. తొందరపడి చల్లార్చితే ముద్ద పగిలిపోయేది.

అక్కడ వాయ్సీకి ఇస్ఫహాను నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే పారశీక వర్తకుడు కలిశాడు. ఆ పల్లె ఉక్కు కోసమే అతను అంత దూరం వచ్చాడు. ఇనుము తూచడం నుంచి ఉక్కును పరీక్షించడం దాకా కమ్మరుల పక్కనే కూర్చునేవాడు. ఈ ఉక్కును తమ దేశంలో తయారుచేయాలని ప్రయత్నించి విఫలమయ్యారని కూడా చెప్పాడు. తెలంగాణ పల్లె కొలిమికీ ఇరాన్ కత్తుల బజారుకూ ఉన్న సంబంధానికి ఈ వ్యాసం గట్టి సాక్ష్యం. ఆధునిక లోహశాస్త్రజ్ఞులు, పురావస్తు పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఉక్కు మీద ఏమి రాసినా వాయ్సీ పేరు తలవకుండా ముందుకు పోరు.

చివరి ప్రయాణం

1823 జనవరి 20న, హైదరాబాదు నుంచి నాగపూరుకు స్థావరం మారుస్తుండగా, దారిలో హింగన్‌ఘాట్ దగ్గర లాంబ్టన్ చనిపోయాడు. సర్వే బాధ్యత ఎవరెస్టు మీద పడింది. వాయ్సీ గావిల్‌గఢ్ కొండల్లో పనిచేసింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. ఆగ్రా కట్టడాల రాళ్ల మీద, పాలరాతిలో పొదిగిన రంగురాళ్ల మీద అతను రాసిన వ్యాసం కూడా ఈ చివరి దశలోనిదే. ఎల్లాపురం జ్వరం తర్వాత అతని ఒళ్లు పూర్తిగా కోలుకోలేదు. 1824 వేసవిలో కలకత్తాకు బయలుదేరి గమ్యం చేరకుండానే ఏప్రిల్ 19న కన్నుమూశాడు.

ఆ నాటికి మొదటి బర్మా యుద్ధం ప్రకటించి నెలన్నర. ఆ యుద్ధంలో కంపెనీ వైపు సుమారు 15,000 మంది చనిపోగా, వారిలో అత్యధికులను బలిగొన్నది జ్వరాలు, విరేచనాలే. సైనిక కొలువులో చావు అంటే ఆనాడు ప్రధానంగా ఆస్పత్రి డేరాలో చావు. ఆ లెక్కలో వాయ్సీ ఆ కాలపు సగటు సైనికుడే.

భూవిజ్ఞానులు, కొలువు, మరణం

వాయ్సీ తర్వాత భారతదేశంలో ఈ దారిన పోయిన భూవిజ్ఞానులు ఇంకా ఉన్నారు. బొగ్గు కోసం ఈస్టిండియా కంపెనీ రప్పించిన డేవిడ్ హైరం విలియమ్స్ 1846లో వచ్చి, 1848 నవంబరులో హజారీబాగు ప్రాంతపు అడవి జ్వరంతో చనిపోయాడు. దక్షిణ భారత శిలాజాల మీద అపారంగా పనిచేసిన ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1874 జూన్ 19న యార్కండ్ దౌత్య బృందంతో తిరిగివస్తూ లడఖ్‌లోని ముర్గో దగ్గర ఎత్తైన కనుమల జబ్బుతో ప్రాణం విడిచాడు. వయసు 36.

నేరుగా యుద్ధరంగంలో యువ భూవిజ్ఞానులు రాలిపోయింది మొదటి ప్రపంచ యుద్ధంలో. ఫ్రాన్సులో రాబర్ట్ డూవియే 1914లో, జాన్ బూసాక్ 1916లో వెర్దూన్ దగ్గర చనిపోయారు. అంటార్కిటికాకు మాసన్ నడిపిన యాత్రలో మక్వారీ దీవి పటాన్ని గీసిన ఆస్ట్రేలియా భూవిజ్ఞాని లెస్లీ బ్లేక్ ఫిరంగి దళ అధికారిగా 1918 అక్టోబరు 3న, యుద్ధం ముగియడానికి ఆరు వారాలైనా లేనప్పుడు, గాయాలతో మరణించాడు. అతను పుట్టింది 1890లో. జర్మనీలో ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1914లో గాయపడి వెనక్కి వచ్చాడు. ఆ సెలవులో రాసిన పుస్తకమే ఖండాల చలనం గురించి 1915లో వెలువడింది. ఒక్క గుండు కొద్దిగా పక్కకు తగిలి ఉంటే భూవిజ్ఞానం ఎటు పోయేదో చెప్పలేం.

అదే యుద్ధంలో భూవిజ్ఞానం ఆయుధంగానూ మారింది. బెల్జియంలోని మెసీన్ దిబ్బ కింద సొరంగాలు తవ్వి 1917 జూన్ 7న పేల్చిన మందుపాతరలకు, ఏ లోతులో బంకమట్టి ఉందో, ఎక్కడ నీరు పైకి పొంగుతుందో చెప్పినవాళ్లలో ఆస్ట్రేలియా ఆచార్యుడు ఎడ్జ్‌వర్త్ డేవిడ్ ఒకడు. లాంబ్టన్, వాయ్సీల కాలంలో సైన్యం వెనక నడిచిన శాస్త్రం వందేళ్లకు సైన్యం ముందుకు వచ్చింది.

తూర్పు హైదరాబాదులో భూవిజ్ఞానం

వాయ్సీ మరణం తర్వాత సర్వేలో భూవిజ్ఞాన శాఖ నిలబడలేదు. థామస్ ఓల్డ్‌హామ్ సారథ్యంలో భారత భూవిజ్ఞాన సర్వే ఏర్పడేసరికి 1851 వచ్చింది. మధ్యలో 27 ఏళ్లు. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ 1870ల ఆరంభంలో కడప, కర్నూలు శిలాసమూహాలను వివరంగా పటం గీసి వాయ్సీ వజ్రాల పొరకు సరైన స్థానం చూపాడు. ఎల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టి సింగరేణికి బాట వేసిందీ అతనే.

ఆ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం, దాని శిక్షణ సంస్థ నేడు ఎల్బీ నగర్‌కు దగ్గరలోని నాగోలు బండ్లగూడలో ఉన్నాయి. శిక్షణ సంస్థ 1976లో మొదలైంది. ఉద్యోగంలో చేరే యువ భూవిజ్ఞానులు పటం గీయడంలో తొలి తర్ఫీదు ఇక్కడి నుంచే పొందుతారు. కొద్ది దూరంలో ఉప్పల్‌లో 1961లో నెలకొల్పిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, లాంబ్టన్ వారసత్వాన్ని మోస్తున్న సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉన్నాయి. కొలిచేవారు, తవ్విచూసేవారు, భూమి లోపలి కదలికలు వినేవారు ముగ్గురూ నగరపు తూర్పు అంచునే కుదురుకున్నారు.

ఇక్కడి కాలనీల జనానికి ఈ శిలలతో రోజువారీ పని ఉంది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురంలో బోరు వేయించిన ప్రతి ఇంటివారూ గ్రానైటును ఒకసారి చూసినవారే. మొదట ఎర్రమట్టి వస్తుంది. తర్వాత చేత్తో నలిపితే నలిగే మొరం. ఆ కింద బండ. రిగ్గు చప్పుడు మారి, గొట్టం చుట్టూ బూడిదరంగు పొడి లేస్తుంది. గ్రానైటులో నీరు చెరువులాగా నిల్వ ఉండదు. పైనున్న మొరం పొరలో, బండ పగుళ్లలో మాత్రమే ఉంటుంది. అందుకే ఒక ఇంట్లో రెండంగుళాల నీరు పడితే పక్కింట్లో వెయ్యి అడుగులు దింపినా పొడి తప్ప చుక్క రాదు. మొరం పొర మందం, పగుళ్ల తీరు గురించి మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో భూభౌతిక సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి దీర్ఘకాలం పరిశోధించారు. సరూర్‌నగర్ చెరువు లాంటి పాత చెరువులు ఆ పొరను నింపే ఊటలు. చెరువు కుంచించుకుపోతే బోరు ఎండడం శిల చెప్పే లెక్క.

అంచనా

వాయ్సీ బతికుండగా అచ్చులో వచ్చింది చాలా తక్కువ. వజ్రాల వ్యాసం 1825లో, ఉక్కు వ్యాసం 1832లో, గవ్వల వ్యాసం, హైదరాబాదు నివేదిక కూడా అతని మరణం తర్వాతే, సొంత దినచర్య భాగాలు 1844లో, 1850లో వెలువడ్డాయి. ఎవరో ఒకరు కాగితాలు భద్రపరచి పత్రికలకు పంపబట్టే ఈ మాత్రం మిగిలింది. వజ్రపు మాతృశిల విషయంలో అతని నిర్ణయం నిలవలేదు. గ్రానైటు మీద బసాల్టు పరుచుకున్న తీరు, పొరల నడుమ గవ్వలు, కోనసముద్రం కొలిమి గురించి అతను నమోదు చేసినవి మాత్రం రెండు వందల ఏళ్ల తర్వాతా పరిశోధకులకు పనికొస్తున్నాయి. తేల్చి చెప్పిన సిద్ధాంతం కంటే కళ్లతో చూసి రాసిపెట్టిన వివరం ఎక్కువ కాలం బతుకుతుందని అతని రచనలు చూపుతాయి.

ఎవరెస్టు పేరు ప్రపంచంలో అన్నింటికంటే ఎత్తైన శిఖరానికి స్థిరపడింది. వాయ్సీ పేరు భూవిజ్ఞాన చరిత్ర పుస్తకాల తొలి పేజీలు దాటలేదు. ఇద్దరూ ఒకే అడవిలో ఒకే జ్వరంతో పడినవాళ్లు. ఒకరికి రెండేళ్ల సెలవు దొరికి 76 ఏళ్లు బతికారు, మరొకరు ఐదేళ్లలో పోయారు. ఒక శాస్త్రశాఖ మొత్తం ఒక్క మనిషి ఒంట్లో ఓపిక మీద ఆధారపడితే ఆ మనిషితోనే అది ఆగిపోతుంది. 1851లో భూవిజ్ఞాన సర్వేను ఒక వ్యక్తికి ఇచ్చిన ఉద్యోగంగా కాక ఒక సంస్థగా నిలబెట్టడం ఆ నష్టానికి ఆలస్యంగా దొరికిన సవరణ.